గేదెలు అమ్మేశాక సరిచూసుకున్న లెక్క

తెనాలికి దగ్గర్లోని మా ఊళ్ళో నేను పెట్టిన గేదెల డెయిరీ పద్దెనిమిది నెలలు నడిచి 2019 ఏప్రిల్‌లో మూతపడింది. పదహారున్నర లక్షలతో మొదలుపెట్టిన పని అది. నేను దాచుకున్నవి ఎనిమిది లక్షలు, బ్యాంకు ఇచ్చినవి ఆరు లక్షలు, మా బావమరిది సర్దినవి రెండున్నర లక్షలు. పది గేదెల్లో ఒకటి పాము కరిచి చచ్చిపోయింది, ఒకటి గొడ్డుపోయిందని 38 వేలకు ఇచ్చేశాం, మిగిలిన ఎనిమిదింటినీ సగటున 72 వేల చొప్పున అమ్మేశాం. మొత్తం చేతికి వచ్చిన 6 లక్షల 14 వేలలోంచి బ్యాంకు బాకీ 4 లక్షల 60 వేలు తీర్చి, మిగిలింది బావమరిది చేతిలో పెట్టి, ఇంకా ఇవ్వవలసిన 96 వేలకు గడువు అడిగాను. అతను ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేదని చాలా రోజులు అనిపించింది.

నష్టం గురించి రాయడానికి ఇది మొదలుపెట్టలేదు. ఆ నష్టం ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది, ఆ తెలుసుకోవడం ఎలా జరిగిందన్నదే నేను చెప్పదలచుకున్నది.

మొదటి సంవత్సరం నేను ఏమీ తెలుసుకోలేదు. తిరిగి హైదరాబాదు వెళ్ళి పాత ఉద్యోగం లాంటిదే ఇంకొకటి వెతుక్కుని, పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ అడిగినవాళ్ళందరికీ ఒకే కథ చెబుతూ వచ్చాను. హర్యానాలో గేదెలను ఇప్పించిన దళారి మోసం చేశాడు, పనివాళ్ళు పట్టించుకోలేదు, వేసవి రాగానే గేదెలు ఎదకు రావడం మానేశాయి, పాల కేంద్రంలో వెన్న శాతం తగ్గించి రాశారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నాకు తెలియనిది కాదు, కానీ ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా పూర్తి అబద్ధం కాకపోవడం వల్ల సామెత నన్ను ఉద్దేశించిందని అనిపించలేదు. చెప్పిన ప్రతిసారీ కథ కాస్త నునుపు తేలింది. పదోసారి చెప్పేటప్పటికి నేనే దాన్ని సాక్షిలా నమ్ముతున్నాను.

నేను పద్నాలుగేళ్ళు అకౌంట్స్ విభాగంలో పనిచేసినవాణ్ణి. నెలాఖరున మా పుస్తకంలోని బ్యాంకు ఖాతానూ బ్యాంకు పంపిన స్టేట్‌మెంటునూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న పద్దులను ఒక్కొక్కటిగా విడదీసి, ప్రతి తేడాకూ కారణం రాయడం నాకు నిద్రలో కూడా చేతనైన పని. మన పుస్తకం మనం రాసుకున్నది గనుక అది సరైనదే అని ఏ గుమాస్తా వాదించడు. ఆ బుద్ధి నా సొంత వ్యాపారం విషయంలో నాకు కలగడానికి 2020 వేసవిలో లాక్‌డౌన్ రావలసివచ్చింది. ఇంటి నుంచి పని కావడంతో భార్యాపిల్లలతో ఊరికి చేరాను. ఖాళీ కొట్టంలో ధాన్యం బస్తాలు వేద్దామని నాన్న అంటే శుభ్రం చేయడానికి వెళ్ళి, దాణా గదిలో మేకుకు వేలాడుతున్న సిమెంటు సంచీ ఒకటి దించాను. అందులో పాల కేంద్రం వాళ్ళు పూటపూటకూ ఇచ్చిన చీటీలన్నీ ఉన్నాయి. రబ్బరు బ్యాండ్లు వేడికి కరిగి కాగితాలకు అంటుకుపోయాయి, కొన్ని చీటీల మీద సిరా వెలిసి అంకెలు గోధుమరంగు గీతలుగా మిగిలాయి.

ఆ చీటీలను తేదీల వారీగా వరండాలో పరచడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. తర్వాత నేను 2017లో కంప్యూటర్‌లో తయారుచేసుకున్న ప్రణాళికను ప్రింటు తీసి వాటి పక్కన పెట్టాను. ప్రణాళిక ప్రకారం పది గేదెలు రోజుకు 120 లీటర్లు ఇవ్వాలి, లీటరుకు 42 రూపాయల చొప్పున నెలకు లక్షా 51 వేలు రావాలి. దాణా, పనివాళ్ళ జీతాలు, బ్యాంకు వాయిదా, మందులు, కరెంటు కలిపి లక్షా ఏడు వేలు పోను 44 వేలు మిగలాలి. చీటీల్లో ఉన్నది వేరు. గేదెలు దిగిన మొదటి నెలలో 78 లీటర్లు. డిసెంబరులో 96, అదే అత్యధికం. మార్చికి 74, జూన్‌కు 41, ఆగస్టుకు 14. అంటే అన్నీ బాగా నడుస్తున్నాయని నేను స్నేహితులకు మిఠాయి పంచిన డిసెంబరులో కూడా మిగిలింది 14 వేలకు అటూ ఇటూ మాత్రమే. నా కథలో ఉన్న వెన్న శాతం సంగతి కూడా అక్కడే తేలిపోయింది. పద్దెనిమిది నెలల చీటీల్లో తేడాగా కనిపించినవి అన్నీ కలిపితే ఆరేడు వేల రూపాయల మాట. ఎన్నో పెళ్ళి భోజనాల మధ్య నేను తిట్టిపోసిన పాల కేంద్రం నా నష్టంలో నూటికి ఒక్క వంతు కూడా కాదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ అంకెల వరస చూస్తేనే తెలిసింది. ఈనిన గేదె ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలలో శిఖరానికి చేరి అక్కడి నుంచి తగ్గుతూ వస్తుంది. అమ్మేవాడు చూపించేది ఆ శిఖరాన్నే. నేను దాన్ని సగటుగా వేసుకున్నాను. హర్యానాలోని రోహ్‌తక్ దగ్గర ఊళ్ళో బేరమాడేటప్పుడు వరసగా మూడు పూటలు ఎదుట పిండించి చూడాలని పాడి తెలిసినవాళ్ళెవరైనా చెబుతారు, ఎందుకంటే ఉదయం పాలు పొదుగులోనే ఉంచి సాయంత్రం పిండి చూపించడం ఆ సంతల్లో కొత్త సంగతి కాదు. నేను ఒక్క పూటే చూశాను, తిరుగు రైలు టికెట్టు ముందే కొనుక్కున్నాను గనుక. దళారి మోసం చేశాడన్నది నిజమే. ఆ మోసానికి సరిపడా సమయం మాత్రమే అతనికి ఇచ్చింది నేను.

ఇంకొక పెద్ద తప్పు ఉంది. పదింటినీ ఒకే లారీలో, అన్నీ కొత్తగా ఈనినవే కావాలని ఏరి తెచ్చుకున్నాను. ఒకేసారి ఈనినవి ఒకేసారి వట్టిపోతాయి. అయిదు చొప్పున రెండు విడతలుగా, మధ్య అయిదారు నెలల ఎడం ఉంచి తెచ్చి ఉంటే ఒక సగం వట్టిపోయే వేళకు రెండో సగం పాలు ఇచ్చేది. లారీ ఖర్చు రెండుసార్లు ఎందుకని లక్షా ఇరవై వేలు మిగుల్చుకుందామనుకున్నాను. అకౌంట్స్ మనిషికి కనిపించే పొదుపు అదే మరి.

ఇంతవరకు తేలినవి అంకెల తప్పులు. వీటిని ఒప్పుకోవడం నాకేమీ కష్టం కాలేదు, పైగా కనిపెట్టినందుకు కొంత గర్వం కూడా కలిగింది. అసలు పద్దు కొట్టం గోడ మీద ఉంది.

కొట్టంలో పనిచేసిన దంపతులు ఒడిశా నుంచి వచ్చారు. అతను కుడితి తొట్టి పక్కన సున్నం వేసిన గోడ మీద బొగ్గుతో ఏవో గీతలూ అంకెలూ రాస్తూ ఉండేవాడు. బాకీల లెక్కో, ఊరికి పంపిన డబ్బు లెక్కో అయి ఉంటుందని నేను ఏనాడూ అడగలేదు. ఆ వేసవిలో గోడకు మళ్ళీ సున్నం కొట్టించబోతూ ఎందుకో దగ్గరగా చూశాను. ఇరవై మూడు వరసలు ఉన్నాయి, ప్రతి వరసలోనూ ఎడమ పక్క ఒక అంకె, కుడి పక్క మధ్యలో గీతతో రెండు అంకెలు. ఒడియా అంకెల్లో నేను పోల్చుకోగలిగింది సున్నా ఒక్కటే. ఫొటో తీసి మా ఆఫీసులో భువనేశ్వర్ నుంచి వచ్చిన సహోద్యోగికి పంపితే పది నిమిషాల్లో తెలుగులో చదవగలిగేలా వరసలన్నీ పంపించాడు. ఎడమ పక్క ఉన్నవి గేదెల నంబర్లు. కుడి పక్క ఉన్నవి అవి ఎదకు వచ్చిన తేదీలు.

అందులో పద్నాలుగు వరసలు 2017 డిసెంబరు నుంచి 2018 మార్చి లోపువి. నేను సంచీలో దొరికిన కృత్రిమ గర్భధారణ రసీదులను ఆ వరసల పక్కన పెట్టి సరిచూశాను. ఉన్నవి మూడు. మూడింటిలో రెండు ఆదివారం తేదీలు. మూడూ చూడి కట్టలేదు, అంటే గర్భం నిలవలేదు.

పాడి లేని పాఠకుల కోసం ఇక్కడ కొంత వివరించాలి. గేదె ఎద, అంటే చూడి కట్టే అదను, సుమారు ఒక రోజు ఉంటుంది. మొదలైన పన్నెండు గంటలకు అటూ ఇటూగా కృత్రిమ గర్భధారణ సూది వేయించాలి, తప్పితే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. ఆవులా గేదె అరిచి గోల చేయడం అన్నివేళలా ఉండదు, చాలావాటికి మూగ ఎద, అదీ రాత్రివేళో తెల్లవారుజామునో కనిపిస్తుంది, ఎండలు ముదిరితే ఆ కొద్దిపాటి జాడ కూడా ఉండదు. చూడి కట్టాక ఈనడానికి సుమారు 310 రోజులు. కాబట్టి శీతాకాలంలో చూడి కట్టించుకోలేని రైతు దాదాపు ఏడాది పొడవునా వట్టి గేదెలను మేపుకోవాలి. నేను సరిగ్గా అదే చేశాను. మా గేదెలు చూడి కట్టింది 2018 అక్టోబరు ప్రాంతంలో, అంటే ఈనవలసింది 2019 ఆగస్టులో. ఆరు నెలల చూడితో ఉన్నవాటిని ఏప్రిల్‌లో అమ్మేశాను. ఇక నాలుగు నెలలు ఓర్చుకునే డబ్బు లేక అమ్మాను, అమ్మిన పాలు ఇంకొకరి ఇంట్లో పొంగాయి.

ఆ శీతాకాలం నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ శనివారం రాత్రి బస్సెక్కి ఆదివారం కొట్టంలో ఉండి సోమవారం ఉదయానికి ఆఫీసులో ఉండేవాణ్ణి. ఏదైనా ఉంటే నాకే ఫోన్ చెయ్యమని పనివాడికి గట్టిగా చెప్పాను. అతను చేసేవాడు. ‘సార్, మూడో నంబర్ తిరుగుతోంది’ అని, అంటే ఎదకు వచ్చిందని, వచ్చీరాని తెలుగులో చెప్పడం నాకు గుర్తుంది. ‘ఆదివారం వస్తాను కదా, చూద్దాం’ అనడం కూడా గోడ చూశాక గుర్తుకు వచ్చింది. గోడ చూడకముందు ఎవరైనా అడిగితే అతను ఎప్పుడూ చెప్పలేదని ప్రమాణం చేసి ఉండేవాణ్ణి. వేసవిలో ఎదకు రాలేదన్నది నా కథ. శీతాకాలంలో పద్నాలుగుసార్లు వచ్చాయన్నది గోడ మీద లెక్క. నేను ఉద్యోగం మానేసి ఊరికి చేరింది 2018 జూన్‌లో, మనిషి ఉండవలసిన నాలుగు నెలలూ దాటిపోయాక.

అయితే ఇంట్లో నాన్న ఉన్నాడు కదా, నలభై ఏళ్ళు గేదెలను సాకిన మనిషి, ఊళ్ళలో పశువులకు ఆ సూది వేసే గోపాలమిత్రను పిలిపించడం ఆయనకు ఒక్క కేకతో అయ్యే పని కదా అని ఎవరికైనా తోస్తుంది. నాకూ తోచింది, తోచగానే పెన్ను కింద పెట్టేశాను. గేదెలు దిగిన రోజు నాన్న లారీ వెనక నిలబడి, ‘ఒరే, ముందు రెండు తెచ్చుకోవలసింది, అవి చూడి కట్టాక ఇంకో రెండు చూసుకునేవాళ్ళం’ అన్నాడు. పదిమంది ఎదుట ఆ మాట నాకు గుచ్చుకుంది. ‘ఈ లెక్కలు నీకు తెలియవులే నాన్నా, కొట్టం సంగతి నాకు వదిలెయ్’ అన్నాను. ఆయన వదిలేశాడు. ఆ తర్వాత పిలిస్తే తప్ప కొట్టంలో అడుగు పెట్టలేదు. గేదె తెల్లవారుజామున తిరుగుతుంటే వరండాలో మంచం మీద పడుకుని వింటూ ఉండి ఉంటాడు.

అప్పుడు ఒక పెద్ద కాగితం తీసుకుని మూడు గడులు గీశాను. మొదటిది, నాకు తెలిసే వీలు లేనివి. రెండోది, అడిగితే తెలిసేవి, నేను అడగనివి. మూడోది, అడగకుండానే చెప్పినవి, నేను విననివి. మొదటి గడిలో మూడు పద్దులు వచ్చాయి. రెండో దానిలో ఏడు, వాటిలో ఒకటి గుంటూరు పక్కన లాం ఫారంలోని పశు పరిశోధనా స్థానం. మా ఊరి నుంచి గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్న ఆ చోటికి ఒక్కసారి వెళ్ళి అడగని వాణ్ణి, దాదాపు రెండు వేల కిలోమీటర్లు హర్యానాకు వెళ్ళాను. మూడో గడిలో పదకొండు. తెలియక చెడిపోయానని నాకు నేను చెప్పుకుంటున్న మాట ఈ మూడో గడి ముందు నిలబడలేదు.

ఆ కాగితం చూపించకుండానే మా ఆవిడను కూడా తనకు గుర్తున్నంత మేరకు ఆ పద్దెనిమిది నెలల గురించి రాయమన్నాను. ఎందుకిదంతా ఇప్పుడు అని మొదట విసుక్కుంది, తర్వాత పిల్లల నోటుపుస్తకంలో రెండు పేజీలు రాసి ఇచ్చింది. అందులో ఒక సంగతి నాకు ఇప్పటికీ గుర్తుకు రాదు. 2018 మార్చిలో, పాలు ఇంకా 74 లీటర్లు ఉన్నప్పుడు, ‘సగం అమ్మేయండి, పాలు ఇచ్చే గేదెకే ధర’ అని తను అన్నదట. ‘నీకేం తెలుసు, ఊరుకో’ అని నేను అన్నానట. అలా అనలేదని వాదించబోయి ఆగిపోయాను, ఎందుకంటే అది నేను అనగలిగిన మాటే, పైగా తేదీ, ఆ రోజు వంట, ఇంటికి వచ్చిన చుట్టం పేరు సహా రాసింది. అప్పుడు అమ్మి ఉంటే గేదెకు 90 వేలు తక్కువ కాకుండా వచ్చేది. ఆ పద్దును కూడా మూడో గడిలో చేర్చాను, పన్నెండైంది.

ఇక్కడ నేను ఇంకొక గోతిలో పడ్డాను, దాని గురించి కూడా చెప్పాలి. మూడో గడి నిండాక కొన్ని వారాలు అన్నీ నా తప్పులే అనడం మొదలుపెట్టాను. పాము కరిచిన గేదెను కూడా కొట్టం వెనక లైటు వేయించలేదు గనుక నా తప్పు కింద రాసుకున్నాను. మా ఆవిడ అది చదివి, లైటు ఉన్న ఇళ్ళలో పాములు రావా అని ఆ పద్దు కొట్టేసింది. ఆలోచిస్తే, అందరినీ తిట్టిన రోజుల్లోనూ నన్ను నేను తిట్టుకున్న రోజుల్లోనూ నేను చేసిన పని ఒకటే, ఒక్కొక్క పద్దూ చూడకుండా మొత్తం ఒకరి పేరున రాసెయ్యడం. రెండోది వినడానికి వినయంగా ఉంటుంది, కానీ బద్ధకంలో తేడా లేదు.

కాగితం పట్టుకుని నాన్న దగ్గర కూర్చుని మూడో గడి చదివాను. లారీ వెనక మాట చదివినప్పుడు ఆయన, ‘అదా, ఎప్పుడో మర్చిపోయాన్రా’ అన్నాడు. మర్చిపోలేదని ఆయన గొంతులోనే తెలిసింది. కాసేపాగి, తవుడు బస్తా ఇప్పుడెంతుందని అడిగాడు.

ఇదే అలవాటు ఇంకెక్కడ ఉందో చూడాలనిపించి ఉద్యోగం వైపు వెతికాను. ఎక్కువ దూరం పోనక్కరలేకపోయింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పాత సరుకు మీద అంతకుముందు కట్టిన పన్నును జమ చేసుకోవడానికి కావలసిన వివరాలు ముందే తీసి పెట్టుకుందామని నా కింద పనిచేసే అమ్మాయి రెండుసార్లు చెప్పింది, నేను డెయిరీ హడావిడిలో ఉండి కొట్టిపారేశాను, తర్వాత మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చోవలసివచ్చింది. నా కింద ఉన్నవాళ్ళు, ఇంట్లోవాళ్ళు, చదువు తక్కువ అని నేను అనుకున్నవాళ్ళు చెబితే నా చెవికి ఎక్కదు. హర్యానా దళారి చెబితే ఎక్కింది, అతను నన్ను ‘సాబ్’ అన్నాడు.

2021 నవంబరులో మళ్ళీ రెండు గేదెలను తెచ్చాం, ఈసారి మా మండలంలోనే, మూడు పూటలు పిండించి చూసి, అప్పు లేకుండా. ఆరు నెలలు పోయాక ఇంకో రెండు. ఉద్యోగం మానలేదు. ఎద చూడడం, గోపాలమిత్రను పిలవడం నాన్న పని, అందులో నా అనుమతి అక్కరలేదు. పాలు కేంద్రానికి పోయకుండా తెనాలిలో ఇరవై రెండు ఇళ్ళకు వేస్తున్నాం. బావమరిది 96 వేలు 2022లో తీరాయి. అయిదు వేలకు మించిన ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఒక కాగితం మీద తేదీ వేసి, ఏం జరుగుతుందనుకుంటున్నానో అంకెలో రాసి, ఎంతకు పడిపోతే ఆపేయాలో కూడా రాసి, ఎవరు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే కింద రాస్తాను. మూడు నెలలకు తీసి చూస్తాను. దీనివల్ల తప్పులు ఆగిపోయాయని చెప్పను. గడ్డి కొరత అనిపించి పాతర గడ్డి, అంటే సైలేజీ బేళ్ళు ఒకేసారి నాలుగు టన్నులు తెప్పించాను. పొరలు చిరిగి సగం బూజు పట్టింది. కాగితం తీస్తే కింద నాన్న మాట ఉంది, ‘అంత ఎందుకురా, ముందొక టన్ను చూడు’ అని. అంటే మూడో గడి ఇంకా మూతపడలేదు. కాకపోతే ఈసారి నష్టం పదిహేను వేల దగ్గర తెలిసింది, ఏడాది తర్వాత కాదు.

గోడకు సున్నం కొట్టించాం. కుడితి తొట్టి పక్కన ఇప్పుడు నల్లబల్ల ఉంది, ఎద తేదీలు దాని మీద రాస్తాం. పనికి వస్తున్న కొత్త కుర్రవాడు మన్యం వైపు నుంచి వచ్చాడు, తెలుగులోనే రాస్తాడు, అయినా వారానికొకసారి చదివి వినిపించమంటాను.

అయిదో గేదె కొనాలా వద్దా అన్న కాగితం ప్రస్తుతం దాణా గదిలో మేకుకు ఉంది. పూటకు ఎన్ని లీటర్ల పాలు వస్తాయన్న దగ్గర నా అంకె అయిదున్నర, నాన్న అంకె నాలుగు. మా ఆవిడ ఇంకా రాయలేదు, సంక్రాంతికి వచ్చి గేదెను చూశాక రాస్తానంది.